నడిచినాక తెచ్చియ్యండి

నంద్యాల గాంధీ చౌక్ పక్క సందులో నాదొక చిన్న అంగడి. బయట బోర్డు మీద ‘డిజైన్లు, ఫ్లెక్సీలు, ప్రచారం’ అని ఉంటుంది. ప్రచారం అన్న ముక్క తర్వాత చేర్చాను. చదువుకున్నవాళ్లు దాన్ని మార్కెటింగ్ అంటారు. ఇంకా ఎక్కువ చదువుకున్నవాళ్లు కమ్యూనికేషన్ స్ట్రాటజీ అంటారు. మా నాయన మాత్రం ‘అరిచి చెప్పే పని’ అంటాడు. ఆయన వయసంతా కుంచె పట్టుకుని అంగళ్లకు బోర్డులు రాసినవాడు. ఫ్లెక్సీ మిషన్లు వచ్చి ఆ కుంచెను మూలకు పెట్టించాయి. అవే మిషన్లు కూతురికి అన్నం పెడుతున్నాయి కాబట్టి పైకి ఏమీ అనడు. నేను చేసిన ప్రతి డిజైన్నీ కళ్లజోడు పైనుంచి చూసి ‘ఊఁ’ అంటాడు. ఆ ఊఁలో ఎన్ని తిట్లు ఉంటాయో నాకొక్కదానికే తెలుసు.

నా దగ్గరికి వచ్చేవాళ్లంతా చిన్నవాళ్లే. జొన్నరొట్టెలు చేసి అమ్మే ఆమె, ట్యూషన్ చెప్పే పంతులు, విత్తనాల అంగడాయన, కూలీల పిల్లలకు సాయంత్రం బడి నడిపే ముగ్గురు స్నేహితులు. అందరిదీ ఒకటే జబ్బు. ఉన్న మాట ఉన్నట్టు చెప్పుకోవడం వాళ్లకు నామోషీ. జొన్నరొట్టెలామె తన బోర్డు మీద ‘ఇంటర్నేషనల్’ అని రాయాల్సిందేనని పట్టుబట్టింది. “నీ రొట్టె గోస్పాడన్నా దాటిందా అక్కా?” అన్నాను. అలిగి వెళ్లిపోయి మర్నాడు మళ్లీ వచ్చింది. ‘పెనం మీద నుంచి నేరుగా’ అని రాసిచ్చాను. ఇప్పుడు మధ్యాహ్నం రెండింటికి పోతే ఆమె దగ్గర రొట్టె దొరకదు. ఇలాంటివి నాలుగైదు కుదిరేసరికి నాకు కాస్త పొగరెక్కింది. జనానికి ఏ మాట ఎలా చెప్పాలో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదనుకున్నాను. ఆ పొగరు ఆళ్లగడ్డలో దిగింది.

ఎండాకాలం చివర్లో ఒక పొద్దున ఆళ్లగడ్డ నుంచి ఒకామె వచ్చింది. వయసు యాభై దాటి ఉంటుంది. భుజానికి గుడ్డసంచి, అందులో రెండు అట్టల మధ్య నలగకుండా పెట్టిన ఫోటో. అది ఆమె భర్తది. నంద్యాలకూ ఆళ్లగడ్డకూ మధ్య బస్సు నడిపినవాడు. పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలు మంచంలో ఉండి, పోయిన ఏడాది పోయాడు. ఆయన కోసం కొన్న ఆస్పత్రి మంచం, చక్రాల కుర్చీ ఇంట్లో మిగిలాయి. అమ్మడానికి ఆమెకు మనసొప్పలేదు. అవసరమైనవాళ్లకు ఊరికే ఇచ్చి, పని తీరాక తిరిగి తీసుకుందామనుకుంది. ఈ మాట నాలుగిళ్లలో చెప్పిందో లేదో, ఎవరెవరో తమ ఇళ్లలో మిగిలినవి కూడా తెచ్చి ఆమె ముందుగదిలో పెట్టి పోయారు. ఇంకో చక్రాల కుర్చీ, మరో మంచం, రెండు వాకర్లు, చంకకర్రలు, ఒక నీళ్ల పరుపు.

“ఇచ్చేటోళ్లు శానామంది ఉండారు పాపా. తీస్కపొయ్యేటోళ్లే లేరు,” అంది.

ఆ గదికి గడువు కూడా ఉంది. ఇల్లు ఆమెకూ మరిదికీ ఉమ్మడిది. మరిది ఎరువుల వ్యాపారం చేస్తాడు. దసరా దాకా చూస్తాననీ, అప్పటికీ ఎవరూ రాకపోతే సామానంతా పాత ఇనుముకు వేసేసి గదిలో బస్తాలు పెట్టుకుంటాననీ చెప్పాడు. చెడ్డవాడేం కాదు. “తుప్పు పట్టేదానికి గదెందుకు వదినా?” అన్నాడట.

“ఆయన పేరు నిలబడాల. ఆయన పేరు మీద నలుగురు బాగుపడాల. నాకింకేం వద్దు,” అంది ఫోటో నా చేతికిస్తూ.

గంటలో చేసేశాను. మధ్యలో ఆయన ఫోటో పెద్దగా, చుట్టూ బంతిపూల దండ, రెండు పక్కలా దీపాలు. పైన ‘కీర్తిశేషులు’ అని ఆయన పేరు, కింద ‘వారి జ్ఞాపకార్థం’, ఇంకా కింద ‘మంచాన పడిన రోగులకు చక్రాల కుర్చీలు, మంచములు ఉచితముగా ఇవ్వబడును’. ఆ దండా దీపాలూ నా కంప్యూటర్లో ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. మా వైపు ఏ ఇంట్లో ఎవరు పోయినా మొదట నా అంగడికే వస్తారు. ఆమె తెర మీద చూసి కళ్లు తుడుచుకుంది. నాకు అదే పెద్ద మెచ్చుకోలు అనిపించింది. నాయన కళ్లజోడు పైనుంచి చూసి, ఈసారి ఊఁ కూడా అనలేదు. ఎందుకని నేను అడగలేదు.

ఫ్లెక్సీని ఆళ్లగడ్డ నాలుగు రోడ్ల దగ్గర కట్టించాం. మూడో రోజు ఆమె ఫోన్ చేసింది.

“పాపా, మనుషులొస్తాండారు.”

నా గుండె పొంగింది. “ఏమడుగుతాండారక్కా? కుర్చీనా, మంచమా?”

“అన్నం,” అంది.

జరిగిందేమిటంటే, ఎవరో ఆ ఫ్లెక్సీని ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టారు. అది తిరిగి తిరిగి బండి ఆత్మకూరులో ఉన్న ఆమె భర్త మేనత్త కొడుకు దాకా పోయింది. సంవత్సరీకం పెడుతున్నారు కాబోలు, మనల్ని పిలవడం మరిచిపోయారని ఆయన కాస్త నిష్ఠూరపడి, అయినా పోయినవాడి కోసమని భార్యనూ, ఇంకో ఇద్దరు ముసలివాళ్లనూ వెంటబెట్టుకుని బస్సెక్కాడు. ఈమె ఏం చెయ్యగలదు? గబగబా ఉగ్గాని చేసి, వీధి చివర నుంచి మిరపకాయ బజ్జీలు తెప్పించి పెట్టింది. వాళ్లు తిని, ముందుగదిలో గోడకున్న ఫోటోకు దండం పెట్టారు. గదినిండా కుర్చీలూ మంచాలూ ఉంటే ఒక్కరూ వాటి మీద కూర్చోలేదట. చాప వేయించుకుని కింద కూర్చున్నారట. ఈ చాప సంగతి ఆమె మామూలుగా చెప్పింది, నేనూ మామూలుగానే విన్నాను.

ఆ తర్వాత వారమంతా బజారులో పలకరింపులే. ఆయన పోయిన సంగతి తెలియనివాళ్లు ఇప్పుడు తెలుసుకుని, ఎట్లా పోయాడు, ఏ ఆస్పత్రిలో చూపించారని మొదటి నుంచీ అడిగారు. ఆమె మొదటి నుంచీ చెప్పుకోవాల్సి వచ్చింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. కుర్చీ కావాలని మాత్రం ఒక్కరూ రాలేదు.

నాకు తలకొట్టేసినట్టయింది. తప్పు నాదని ఒప్పుకోవడానికి ముందు కాసేపు లోకాన్ని తిట్టడం నాకు అలవాటు. ఇంటికొచ్చి, “చదవడం రాని జనం,” అన్నాను.

నాయన రొట్టె తుంచుకుంటూ, “సదవడం వచ్చు. నువ్వు రాసిందే సదివినారు,” అన్నాడు.

“నేనేం రాశాను?”

“సచ్చిపోయినాడని రాసినావు.”

నేను ఫోన్ తీసి ఆ ఫ్లెక్సీ ఫోటో చూసుకున్నాను.

“మన పక్క బొమ్మకు దండేస్తే, ఇంక దాని కిందేముండాదో ఎవడు సూస్తాడు? పోతా పోతా ఒక దండం పెడతాడు, పోతాడు.”

“ముందే చెప్పొచ్చు కదా!”

“నువ్వడిగినావా?” అని ఆయన ఇంకో రొట్టె వేసుకున్నాడు.

మర్నాడు బస్సెక్కాను. సిరివెళ్ల దాటేదాకా నాయన మీద కోపం, ఆ తర్వాత నా మీద కోపం. ఆళ్లగడ్డలో దిగి నేరుగా ఆమె ఇంటికి పోకుండా, ఒక ఆస్పత్రి ఎదురుగా టీ బంకు దగ్గర నిలబడ్డాను. ఎవరి కోసం ఆ ఫ్లెక్సీ కొట్టానో వాళ్లను ఒక్కసారైనా చూడాలనిపించింది. ఆ పని మొదట చేయాల్సింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదేనని నాకు తెలియక కాదు.

ఆస్పత్రిలోంచి ఇద్దరు మగవాళ్లు ఒక ముసలామెను ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, కుర్చీ పళంగా మోసుకొస్తున్నారు. అడుగడుగుకూ ఆమె అబ్బా అంటోంది. వెనకాల కూతురు తల్లి చెప్పులు రెండూ చేత్తో పట్టుకుని నడుస్తోంది. నేను ఆ కూతురి దగ్గరికి పోయి, రెండు వీధుల అవతల చక్రాల కుర్చీ ఉందనీ, ఊరికే ఇస్తారనీ చెప్పాను.

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. “ఆ దండేసినాయన ఇంట్లోనా? మాయమ్మకు తుంటెముక ఇరిగిందంతే. అప్పుడే దండెందుకేపిస్తావమ్మా?”

కోపంతో అనలేదు. భయంతో అంది. వాళ్లు ఎక్కిన ఆటో వెళ్లిపోయాక టీ బంకాయన గ్లాసులు కడుగుతూ, “పోయినోళ్ల మంచం ఇంట్లోకి తెస్తే ఇంగొకర్ని పిలుస్తాదంటారు. నేనైనా తెచ్చుకోను,” అన్నాడు. అప్పుడు నాకు ఆ చాప సంగతి గుర్తొచ్చింది. అంతమంది అంత తొందరగా తమ ఇళ్లలోవి తెచ్చి ఆమె గదిలో ఎందుకు పడేశారో కూడా తెలిసింది. పుణ్యం కోసం ఇచ్చినవాళ్లు కొందరైతే, గుమ్మం దాటిస్తే చాలనుకున్నవాళ్లు కొందరు.

నేను ఆమె ఇంటికి పోయేసరికి తడిగుడ్డతో కుర్చీల చక్రాలు తుడుస్తోంది. రోజూ తుడుస్తుందట. నాకు మెత్తగా చెప్పడం చేతకాదు. కుండబద్దలు కొట్టినట్టు చెప్పేశాను.

“అక్కా, ఆ ఫోటో తీసేద్దాం. పేరు కూడా తీసేద్దాం. ఫోటో ఉన్నంతకాలం ఎవరూ రారు.”

ఆమె చేతిలో గుడ్డ ఆగింది. “పేరు కోసమే గదా నేను నీకాడికొచ్చింది. పేరు తీసేస్తే ఇనపసామాను తప్ప ఏముండాది ఈడ?”

నేనేదో చెప్పబోయాను.

“నువ్వింక బయల్దేరు. బస్సుకు టయమైతాది,” అంది.

మా సీమలో ఆ మాటకు అర్థం బయటికి నడువు అని. నడిచాను. బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను, సిగ్గేముంది. ఆమె బాధ న్యాయమైనదని తెలుసు, నా మాట నిజమనీ తెలుసు. ఇందులో ఏదో ఒకటి తప్పయితే నాకు హాయిగా ఉండేది. మా ఫ్లెక్సీని కూడా తీసే పని పడలేదు. ఎవరో యువనాయకుడి పుట్టినరోజు వచ్చి, ఆయన ఫ్లెక్సీ మా దాని మీదే కట్టారు.

వానాకాలమంతా ఆమె ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు. వినాయక చవితి పోయి, దసరా దగ్గరపడుతుంటే నాకు ఆ మరిది బస్తాలే కళ్లముందు కనిపించేవి. ఒకరోజు ఫోన్ మోగింది.

“రేప్పొద్దున రా. ఒక కుర్చీ వాపసొస్తాది,” అంది.

“పోయిందెప్పుడక్కా వాపసు రావడానికి?”

“అదంతా ఈడికొచ్చినాక చెప్తా. బేగా రా.”

ఆ కుర్చీ తీసుకున్నది బస్టాండు దగ్గర తోపుడు బండి మీద అరటిపండ్లు అమ్మే సాయిబు. లారీ మీద నుంచి గెలలు దించుతూ జారిపడి కాలు విరిగింది. మా ఫ్లెక్సీ చూసి రాలేదు, అదేమిటో ఆయనకు తెలియనే తెలియదు. ఈమె భర్త రోజూ బస్సు ఆపి ఆయన దగ్గర నాలుగు పండ్లు కొనేవాడట. ఆ పరిచయంతో భార్యను పంపి కుర్చీ అడిగించాడు. మీకు భయం లేదా అని ఈమె అడిగితే, “కూర్చుంటే భయమేంది వదినా, కూర్చోకపోతే యాపారం పోతాది,” అందట ఆ భార్య. రెండు నెలలకు పైగా ఆయన ఆ కుర్చీలో కూర్చునే పండ్లు అమ్మాడు.

నేను బస్టాండులో దిగేసరికి ఆయన బయల్దేరుతున్నాడు. కాలు కొంచెం ఈడుస్తున్నాడు కానీ నిటారుగా ఉన్నాడు. ముందు చక్రాల కుర్చీ, అందులో కూర్చోబెట్టిన పెద్ద అరటిగెల. దాన్ని తోసుకుంటూ బజారు మధ్యలో నడిచాడు. నేను ఫోన్లో వీడియో తీస్తూ వెనకాలే నడిచాను.

మిషన్ కుట్టే ఆయన అంగట్లోంచి తల బయటపెట్టాడు. “ఏందప్పా, గెలకు కాలిరిగిందా?”

“నాకిరిగింది. అతుక్కుండాది. కుర్చీ వాపసిచ్చేదానికి పోతాండా.”

“ఎవురిదప్పా కుర్చీ?”

“మన డ్రైవరన్నది.”

నాలుగడుగులకొకరు అడిగారు. ఆయన నాలుగడుగులకొకసారి ఆగి, ఓపిగ్గా అదే చెప్పాడు. శిల్పాలు చెక్కే షెడ్డులో ఉలి చప్పుడు ఆగింది, అక్కడ కూడా చెప్పాడు. నడుస్తున్న మనిషిని వదిలి అందరూ గెల కూర్చున్న కుర్చీని చూశారు, మళ్లీ ఆయన కాలు చూశారు, నవ్వారు. ఇన్నేళ్లుగా నేను చేస్తున్న ప్రచారమంతా ఒక ఎత్తు, ఆ సగం కిలోమీటరు ఒక ఎత్తు.

ఆమె గేటు దగ్గర నిలబడి ఉంది. ఆయన కుర్చీ ఆపి, విరిగిన కాలు ఎత్తి నేల మీద గట్టిగా ఒక్కటి తన్నాడు. “సూడు వదినా!”

ఆమె నవ్వింది. అంతవరకూ ఆమె నవ్వు నేను చూడలేదు. ఆయన గెల దించి, తన ముంజేతికున్న దర్గా దారం విప్పి కుర్చీ చేతికి కట్టాడు. “నన్ను నడిపిచ్చింది, ఇంగొకర్ని కూడా నడిపిస్తాది,” అని భార్యతో కలిసి వెళ్లిపోయాడు. ఆమె గెల కోసి వీధిలో ఇంటింటికీ పంచింది. ఎవరూ వద్దనలేదు.

పంచడం అయ్యాక మేమిద్దరం ముందుగదిలో కూర్చున్నాం. ఆమె చాలాసేపు గోడ మీది ఫోటోనే చూసింది.

“అందరూ ఆయన్ను తలుచుకోని ఏడుస్తాండిరి. ఈ పొద్దు తలుచుకోని నవ్వినారు,” అంది. లేచి ఫోటో దించుతూ, “ఫోటో లోపలింట్లోకి తీస్కపోతా. నాకాడ ఉంటాడు. బోర్డు కొత్తది రాపీ,” అంది.

ఈసారి ఫ్లెక్సీ కొట్టలేదు. నాయన్ను అడిగాను. ఆయన అటక మీద నుంచి కుంచెలు దించి, కిరసనాయిల్లో నానబెట్టాడు. ఆళ్లగడ్డలో ఆమె వాకిట్లో కూర్చుని రేకు బోర్డు మీద ఆయన రాస్తుంటే, నేను కాగితం మీద రాసుకుపోయిన మాటలు చదివాను. ‘ఉచితము’ దగ్గర నాయన ఆగి, “అది తీసెయ్. కుర్చీ ఉండాదని చెప్తే సాలు. అంగడి గాదు గదా దర చెప్పేదానికి,” అన్నాడు. ‘రోగులకు’ అన్నది నేనే కొట్టేశాను. చివర్లో ‘వాడిన పిమ్మట తిరిగి ఇవ్వగలరు’ అని ఉంది. దాన్ని ఆమె ఒప్పుకోలేదు.

“వాడినాక కాదు. నడిచినాక తెచ్చియ్యమని రాయి,” అంది.

నాయన కళ్లజోడు పైనుంచి ఆమెను చూసి, “ఊఁ,” అన్నాడు. అది తిట్టు కాదు.

‘కాలు ఇరిగిందా? నడుము పట్టిందా? కుర్చీ ఉంది, మంచం ఉంది. నడిచేదాకా వాడుకోండి. నడిచినాక తెచ్చియ్యండి.’ కింద ఫోన్ నంబరు. అంతే. ఇవే మాటలు, అరటిగెల ఊరేగింపు వీడియో కింద పెట్టి వాట్సాప్‌లో వదిలాను. మొదటి ఫోన్ ఎవరిదో చెబితే మీరు నమ్మరు. చెప్పులు పట్టుకుని నడిచిన ఆ కూతురిది. వచ్చి, గదిలో ఉన్న రెండు కుర్చీల్లో దారం కట్టి ఉన్నదే కావాలని పట్టుబట్టింది. ఆ తర్వాత కొలిమిగుండ్ల నుంచి ఒకరు, గోస్పాడు నుంచి ఇద్దరు, ఇంకా చుట్టుపక్కల ఊళ్ల నుంచి కొందరు. దసరా ముందురోజు మరిది వచ్చి చూసేసరికి గదిలో ఒక చంకకర్ర మాత్రం ఉంది.

“గది ఖాళీగానే ఉండాది గదా వదినా,” అన్నాడు ఆశగా.

“వాపసొచ్చేటివి నీ నెత్తిన పెట్టుకుంటావా?” అంది. ఆయన బస్తాలు వేరేచోట పెట్టుకున్నాడు.

అందరూ నడిచి రారు, ఆ సంగతి మాకూ తెలుసు. గోస్పాడు నుంచి ఒక కొడుకు మంచం ఆటోలో వేసుకొచ్చి, లోపలికి రాకుండా గేటు దగ్గరే నిలబడ్డాడు. “మాయమ్మ పోయింది. మీరు నడిచినాక తెమ్మంటిరి,” అన్నాడు తల దించుకుని. ఆమె అతని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, కూర్చోబెట్టి అన్నం పెట్టింది. వాళ్లమ్మ ఏం వండేదో, ఎట్లా తిట్టేదో అన్నీ అడిగి చెప్పించుకుంది. అతను పోయాక మంచాన్ని ఎండలో వేసి తనే కడిగింది. అలాంటి మంచాన్ని ఎలా కడగాలో ఆమెకు బాగా తెలుసు.

బోర్డు మీద ఆయన పేరు లేదన్న ముల్లు మాత్రం నాకు గుచ్చుతూనే ఉండేది. పేరు నిలబెట్టమని వచ్చినామె దగ్గర పేరే తీసేయించాను. ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు, అదే నాకు ఎక్కువ కష్టంగా ఉండేది.

మొన్న నంద్యాల బస్టాండులో బస్సు కోసం నిలబడి ఉంటే, పక్కన ఒక పెద్దాయన ఫోన్లో గట్టిగా అరుస్తున్నాడు. “ఆళ్లగడ్డకు పోప్పా! డ్రైవరన్న కుర్చీ అని అడుగు, ఎవురైనా చూపిస్తారు. నడిచినాక ఇచ్చేసి రా!”

ఆయన ఫోన్ పెట్టేదాకా ఆగాను. “డ్రైవరన్నంటే ఎవరన్నా?” అని అడిగాను.

“నేనెప్పుడూ సూళ్లేదమ్మా. ఆళ్లగడ్డలో ఉండాడంట. కాలిరిగినోళ్లకంతా కుర్చీలిస్తాండాడు, మంచి మనిషి,” అన్నాడు.

నా బస్సు వచ్చింది. ఎక్కలేదు. పక్కకు వచ్చి ఆమెకు ఫోన్ చేసి, విన్నది విన్నట్టు చెప్పాను.

“ఉండాడన్నాడా?” అంది.

“ఉండాడన్నాడక్కా.”

“ఇంగొకసారి చెప్పు పాపా,” అంది.

మళ్లీ చెప్పాను.